ఒకే తుపాను, ఒకే ఊరు, అడుగడుగుకీ వేరే దెబ్బ: ఒక తీరం కేస్ స్టడీ

ఊరి పేరు, ఏ తుపాను, ఏ సంవత్సరం అన్నవి ఇందులో చెప్పడం లేదు. చిన్న ఊరు, కాస్త ఆనవాలు ఇస్తే గుర్తుపట్టేస్తారు, పైగా అక్కడ కొన్ని ఇళ్ల తరలింపు మాటలు ఇంకా నడుస్తున్నాయి. ఉత్తరాంధ్ర తీరం అని తెలిస్తే చాలు. తీర రక్షణ పనుల మీద సలహా ఇవ్వడం నా వృత్తి. తుపాను వెళ్లిన కొద్ది వారాలకు మా బృందాన్ని అక్కడికి పిలిచారు. నాలుగైదు కిలోమీటర్ల తీరంలో, ఒకే రాత్రి, ఒకే సముద్రం ఒక్కో చోట ఒక్కో రకంగా కొట్టింది. పంచాయతీ తీర్మానం మాత్రం ఒక్కటే అడిగింది: కొండ దగ్గర నుంచి గెడ్డ (వాగు) దాకా రాతి గోడ. ఆ గోడ ఎందుకు వద్దన్నామో, దాని బదులు ఏం చేశామో, అందులో ఏది నిలిచి ఏది పోయిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఊళ్లు మన తీరం మీద చాలా ఉన్నాయి.

తీరం స్వరూపం

దక్షిణం చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ ముక్కు ఉంది. దానికి ఉత్తరంగా అర్ధచంద్రాకారంలో ఒక ఒంపు. ఊళ్లో ఎక్కువ ఇళ్లు ఆ ఒంపులోనే, ఒడ్డుకు బాగా దగ్గరగా ఉన్నాయి. ఒంపు ముగిసి తీరం తిన్నగా సాగడం మొదలయ్యే చోట బోట్లు లాగే స్థలం, వలల షెడ్డు, చేపల వేలం పాక, ఒడ్డు పక్కనే వేసిన సిమెంటు రోడ్డు. అక్కడి నుంచి ఉత్తరానికి ఇసుక తీరం, వెనక దిబ్బలు, దిబ్బల మీద సరుగుడు తోట. తోట దాటితే గెడ్డ మొగ. ఎండాకాలంలో ఇసుక మేట వేసి మూసుకుపోతుంది, వానలకు తెగి సముద్రంలో కలుస్తుంది. మొగ అవతల పల్లపు నేల, కొబ్బరి తోటలు, కొన్ని ఇళ్లు.

ఒంపులో కొన్నేళ్ల కిందట ఒక రాతి గోడ కట్టారు. క్వారీ నుంచి లారీల్లో తెచ్చిన గ్రానైటు బండలను ఇసుక మీదే గుట్టగా పోశారు. కింద వడపోత గుడ్డ (జియోటెక్స్‌టైల్) లేదు, ముందు పాదానికి రక్షణ లేదు. ఊరి వాళ్లకు మాత్రం దాని మీద నమ్మకం ఉంది, ఎందుకంటే అది కట్టాక మామూలు నైరుతి రుతుపవనాల సీజన్లలో ఇళ్లలోకి నీళ్లు రాలేదు.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట ఉండదని కూడా ఇక్కడే చెప్పాలి. నైరుతి కాలంలో దక్షిణపు కెరటాలు ఒడ్డు వెంబడే ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి వస్తుంది, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అందుకే దక్షిణాన ఏదైనా కట్టడం కడితే ఉత్తరం పక్క ఊరు కోసుకుపోతుంది. విశాఖపట్నంలో 1970లలో ఔటర్ హార్బరు కట్టాక ఆర్కే బీచికి ఇసుక రాక ఆగింది, అప్పటి నుంచి పోర్టు ఇసుకను తవ్వి బీచి మీదికి పంపాల్సిన పరిస్థితి. పుదుచ్చేరిలోనూ 1980ల చివర్లో హార్బరు గోడలు కట్టాక ఊరి ముందున్న బీచి దాదాపుగా మాయమైంది. ఈ రెండు ఉదాహరణలూ మా మనసులో ఉన్నాయి కాబట్టే ఊరివాళ్లు ‘గోడ’ అన్న వెంటనే ఆ గోడకు ఉత్తరాన ఎవరున్నారని అడిగాం.

ఆ రాత్రి ఏం జరిగింది

తుపాను ఊరికి చాలా దక్షిణంగా తీరం దాటింది. ఊళ్లో గాలి మరీ భయంకరంగా లేదు, రేకులు కొన్ని లేచాయి అంతే. అందుకే చాలామంది తుపాను షెల్టర్‌కి వెళ్లలేదు. కానీ మన బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, పడమరకు కదులుతూ తీరం దాటేటప్పుడు దాటిన చోటుకు ఉత్తరం వైపు సముద్రం నుంచి నేల మీదికి గాలి వీస్తుంది. అంటే ఈ ఊరు తుపానుకు దూరంగానే ఉన్నా కెరటాల వైపున ఉంది. పైగా అది పెద్ద పోటు రాత్రి. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి కెరటం ఏ గంటకు వచ్చిందన్నది చాలా ముఖ్యం.

తెల్లారాక ఊళ్లో కనిపించింది ఇది. కొండ ముక్కు దగ్గర ఏమీ కాలేదు. ఒంపులో గోడ రెండుచోట్ల కూలింది, నీళ్లు గోడ మీంచి దూకి మొదటి వరుస ఇళ్లలో చేరాయి, గోడ ముందు బీచి అన్నదే మిగల్లేదు. బోట్ల స్థలం అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతింది: సిమెంటు రోడ్డు పలకలుగా విరిగి ఇసుకలో కూరుకుపోయింది, షెడ్డు పోయింది, కొన్ని ఫైబర్ బోట్లు రోడ్డు అవతల తేలాయి. సరుగుడు తీరంలో దిబ్బ ముఖం నిలువుగా కోసుకుపోయి మనిషి ఎత్తు గట్టులా నిలబడింది, మొదటి వరుస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, కానీ దిబ్బ వెనక ఒక్క బక్కెట్ ఉప్పునీళ్లు కూడా చేరలేదు. గెడ్డ పక్కనున్న పల్లపు వీధిలో నీళ్లు సముద్రం వైపు నుంచి కాకుండా ఊరి వెనక నుంచి వచ్చాయి, రెండు రోజులు దిగలేదు. మొగ అవతల కొబ్బరి చెట్లు మాత్రం ఆ రాత్రి పడలేదు. తర్వాత వారాల్లో ఒక్కొక్కటిగా ఒరిగాయి.

గోడ ఉన్న చోట ఇళ్లు మునిగి, గోడ లేని సరుగుడు తీరం వెనక పొడిగా ఉండటం మీద ఊళ్లో ఎవరికీ ఆశ్చర్యం వేయలేదు. ‘అక్కడ గోడ పొట్టిగా ఉంది, ఇంకాస్త ఎత్తు లేపితే సరిపోతుంది’ అన్నదే అందరి మాట. మాకు మాత్రం ఆ తేడాయే అసలు కేసు.

కెరటం ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాం, ఎందుకంటే ఎత్తు కన్నా ముందు దిశ తెలియాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే సముద్ర స్థితి సూచనల్లో కెరటం ఎత్తు ఒక్కటే ఉండదు, దిశ ఉంటుంది, ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య వ్యవధి (పీరియడ్) కూడా ఉంటుంది. ఆ రాత్రి సూచనలో కెరటం దిశ తూర్పు నుంచి, వ్యవధి పన్నెండు పదమూడు సెకన్లు. ఈ రెండు అంకెలే సగం కథ చెప్పేశాయి.

ఊళ్లో ఒక పెద్దాయన, యాభై ఏళ్లకు పైగా వేట చేసినాయన, మాతో అన్నది ఇది: ‘దక్షిణం కెరటానికి మా ఒంపులో తెప్ప కూడా కదలదు బాబూ. కొండ అడ్డు పడతాది. ఈసారి కెరటం కొండ పక్కకి రాలేదు, తిన్నగా గుమ్మంలోకి వచ్చీసింది.’ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొండ ముక్కు నీడ ఒక్క దిశకే పనిచేస్తుంది. నైరుతి కాలంలో కెరటాలు దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తాయి, కొండ వాటిని ఆపేస్తుంది, వంగి వచ్చేసరికి బలం చచ్చిపోతుంది. తూర్పు నుంచి వచ్చే తుపాను కెరటానికి ఆ ఒంపు నోరు తెరిచి ఉంటుంది. ఏడాదికి నాలుగు నెలలు చూసే సముద్రాన్ని బట్టి ‘ఇది భద్రమైన చోటు’ అని తరతరాలుగా ఇళ్లు కట్టుకున్నారు, అది తప్పేమీ కాదు. కానీ తీరానికి ఏది ప్రమాదమో చెప్పాలంటే ఏ చోటు ఏ దిశకు తెరిచి ఉందో విడివిడిగా చూడాలి. మేం ఊరి మ్యాపు మీద అదే చేశాం, ప్రతి వంద మీటర్లకూ ఏ దిశ నుంచి వచ్చే కెరటం నేరుగా తగులుతుందో గీతలు గీసుకున్నాం. కంప్యూటర్ మోడల్ కన్నా ముందు ఆ కాగితమే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే దాన్ని గ్రామసభలో చూపిస్తే అందరికీ అర్థమైంది.

ఇక వ్యవధి. లోతు నీళ్లలో కెరటం పొడవు సుమారుగా 1.56ని వ్యవధి వర్గంతో గుణిస్తే వస్తుంది. ఏడు సెకన్ల కెరటం అయితే పొడవు 76 మీటర్లు, పదమూడు సెకన్లయితే 264 మీటర్లు. పొడవులో సగం లోతుకు వచ్చేసరికి కెరటానికి సముద్రపు అడుగు తగలడం మొదలవుతుంది. అంటే ఏడు సెకన్ల కెరటానికి 38 మీటర్ల లోతులో, పదమూడు సెకన్ల దానికి 130 మీటర్ల లోతులోనే. అడుగు తగిలిన దగ్గర నుంచి కెరటం వంగుతుంది, లోతు తక్కువున్న వైపుకి తిరుగుతుంది.

బోట్ల స్థలం ఎందుకు అంత ఘోరంగా దెబ్బతిందన్నది దీంతోనే తేలింది. ఆ స్థలానికి ఎదురుగా సముద్రంలో నీటి అడుగున ఒక రాతి మెట్ట ఉంది. మ్యాపుల్లో సరిగా లేదు, వేటకు వెళ్లేవాళ్లందరికీ తెలుసు, వలలు చిరుగుతాయని అటు వేయరు. గుడి గోపురం, ఒక తాటి చెట్టు ఒకే వరసలోకి వస్తే మెట్ట మీద ఉన్నట్టు వాళ్ల గుర్తు. వాళ్ల బోటు మీదే ఎకో సౌండర్ కట్టుకుని వెళ్లి లోతులు కొలిస్తే చుట్టూ ఉన్న అడుగు కన్నా అది బాగా ఎత్తుగా తేలింది. మామూలు రోజుల చిన్న కెరటాలు దాని మీంచి దాదాపు తెలియకుండానే వెళ్లిపోతాయి. పొడవాటి తుపాను కెరటం మాత్రం ఆ మెట్టకు రెండు వైపులా వంగి, భూతద్దం ఎండను ఒక చుక్క మీదికి తెచ్చినట్టు, బలమంతా బోట్ల స్థలం ముందుకు తెచ్చి పడేస్తుంది. కెరటం శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ ఎత్తు కొంచెం పెరిగినా దెబ్బ చాలా పెరుగుతుంది. రోడ్డూ షెడ్డూ అక్కడ కట్టినవాళ్లు ఏళ్ల తరబడి నిమ్మళంగా ఉన్న నీళ్లనే చూశారు.

కాకినాడ దగ్గర ఉప్పాడ కథలో కూడా ఇలాంటి కోణం ఉంది. గోదావరి ఇసుకతో ఉత్తరానికి పెరిగిన హోప్ ఐలండ్ ఇసుక దిబ్బ కాకినాడను కాపాడుతుంది, కానీ దాని కొన దాటాక ఉప్పాడ వైపు తీరం తెరిచి ఉంటుంది, ఉత్తరానికి నడిచే ఇసుకలో చాలా భాగం దిబ్బ దగ్గరా కాకినాడ అఖాతంలోనూ ఆగిపోతుంది. ఒకే జిల్లా, కొన్ని కిలోమీటర్ల దూరం, ఒకచోట నిమ్మళం, ఒకచోట ఏటా కోత. దానికి తోడు గోదావరి ధవళేశ్వరం దగ్గర తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా దాదాపు 150 మిలియన్ టన్నులు ఉంటే 1990లకు 57 మిలియన్ టన్నులకు పడిపోయింది, ఎగువన ఆనకట్టల వల్ల. ఇసుక రాక తగ్గిన తీరానికి తుపాను దెబ్బ నుంచి కోలుకునే శక్తి కూడా తగ్గుతుంది.

గోడ ఎందుకు కూలింది

ఊళ్లో అడిగితే అందరూ ‘కెరటం గోడ కన్నా ఎత్తు వచ్చింది’ అన్నారు. ఎత్తు వచ్చిన మాట నిజమే. సూచనల్లో నాలుగు మీటర్ల కెరటం అంటే కెరటాలన్నిటిలో పెద్దవైన మూడో వంతు తీసి లెక్కగట్టిన సగటు, మధ్యలో ఒకటీ అరా దానికి దాదాపు రెట్టింపు ఎత్తున కూడా వస్తాయి. ఈ సంగతి పంచాయతీ సభ్యులకు చెప్పినప్పుడు గది కాసేపు నిశ్శబ్దమైంది, వాళ్లు నాలుగు మీటర్లంటే నాలుగే అనుకుంటూ వచ్చారు.

అయితే ఒడ్డు దగ్గరికొచ్చేసరికి కెరటాన్ని అదుపు చేసేది నీటి లోతు. లోతులో దాదాపు 0.78 వంతు కన్నా ఎత్తు కెరటం నిలబడదు, ముందే విరిగిపోతుంది. గోడ పాదం దగ్గర పోటు, ఉప్పెన కలిపి ఒకటిన్నర మీటర్ల నీరు ఉంటే గోడను కొట్టే కెరటం 1.2 మీటర్ల దగ్గర ఆగుతుంది. గోడకు కొట్టి వెనక్కి మళ్లిన కెరటం పాదం దగ్గర ఇసుక లాగేసి మట్టం ఒక మీటరు దిగిందనుకోండి, లోతు రెండున్నర అయింది, కెరటం దాదాపు రెండు మీటర్లు. బండ కదలకుండా ఉండటానికి కావలసిన బరువు కెరటం ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది, కాబట్టి అదే బండ ఇప్పుడు నాలుగున్నర రెట్లు బరువుండాలి. రాత్రి పది గంటలకు సరిపోయిన బండ అర్ధరాత్రికి సరిపోదు. కూలిన చోట్ల తవ్వి చూస్తే బండలు కొట్టుకుపోలేదు, కింద ఇసుక ఊడిపోయి లోపలికి దిగిపోయాయి. వడపోత గుడ్డ లేకపోవడంతో వెనక మట్టి కూడా బండల సందుల్లోంచి జారిపోయింది. ఎత్తు పెంచితే పాదం మీద బరువు పెరగడం తప్ప ఈ సమస్య ఏదీ తీరదు.

సరుగుడు తీరంలో సముద్రం దిబ్బను కోసి ఆ ఇసుకను ఒడ్డుకు కొంచెం ముందు నీళ్లలో మేటగా వేసుకుంది, తర్వాతి కెరటాలు ఆ మేట మీదే విరిగిపోయాయి. దిబ్బ తన ఇసుకనే ఖర్చు పెట్టి వెనక ఊరిని కాపాడింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నెమ్మదించాక అందులో చాలా భాగం తిరిగి ఒడ్డుకు చేరింది కూడా. గోడ ముందున్న ఒంపులో అలా తిరిగి రాలేదు.

మొదట చేసినవి, నిలవనివి

మేం వెళ్లేసరికే ఇసుక బస్తాలు వేసి ఉన్నాయి. ఎండకీ కెరటానికీ కొన్ని వారాల్లోనే చినిగిపోయాయి. మరో చోట జేసీబీతో బీచి కింది భాగం నుంచి ఇసుక తీసి పైన గట్టులా పోశారు. చూడటానికి ధైర్యంగా ఉంటుంది, కానీ కెరటాన్ని ముందే విరగ్గొట్టే ఇసుకనే తీసి వెనక పెట్టడం అది. తర్వాతి అమావాస్య పోటుకు గట్టు పోయింది, బీచి ముందుకన్నా పల్లమైంది. దీన్ని ఆపించడానికి చాలా వాదించాల్సి వచ్చింది, ఎందుకంటే ఏమీ చేయకుండా కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చేయడం మేలని తుపాను తర్వాత అందరికీ అనిపిస్తుంది.

బోట్ల స్థలం ముందు పెద్ద ఇసుక సంచులతో, మందపాటి సింథటిక్ గుడ్డతో చేసినవాటితో, ఒక చిన్న ప్రయోగం చేశాం. కారణం ఇది: అక్కడ శాశ్వత కట్టడం వద్దనుకున్నాం, కానీ బోట్లవాళ్లకు ఒక సీజన్ గడవాలి. ఆ సీజన్ నైరుతి కెరటాలకు నిలిచాయి. నవంబరులో ఒక వాయుగుండం పొడవాటి కెరటాలు పంపగానే ముందు వరుస ముందుకు వాలిపోయింది, సంచులు చెక్కు చెదరకుండానే. మెట్ట వల్ల బలం కేంద్రీకరించే చోట కోత లోతు మేం సంచులు వేసిన మట్టం కన్నా కిందికి వెళ్లింది. ఆ చోటును తాత్కాలికంగా కూడా పట్టి ఉంచలేమని అప్పటికి అందరికీ, బోట్లవాళ్లతో సహా, అర్థమైంది. తర్వాతి నిర్ణయానికి అది దారి వేసింది.

దిబ్బ మీద పడిపోయిన సరుగుడు చోట మళ్లీ సరుగుడు మొక్కలే నాటారు. అవీ పోయాయి. ముందు దిబ్బ మీద సరుగుడు వేళ్లు పైపైనే ఉంటాయి, ఇసుక కోతకు గురవగానే చెట్టు వాలి, వేళ్లతో పాటు దిబ్బ ముక్కనే లాక్కుపోతుంది. సరుగుడు వెనక వరుసలో గాలికి అడ్డుగా బాగా పనిచేస్తుంది, ముందు వరుసకు అది సరైన మొక్క కాదు.

ఇసుకను పట్టుకోవడానికి సముద్రంలోకి అడ్డగోడలు (గ్రోయిన్లు) కడదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఒంపుకు మంచిదే. కానీ ఆగిన ఇసుక మొగ అవతల తోటలకు చేరాల్సిన ఇసుక. అక్కడ కోత ఇప్పటికే మొదలైంది, తుపాను రాత్రి పడని కొబ్బరి చెట్లు తర్వాత వారాల్లో పడటానికి కారణం కూడా అదే, దక్షిణం నుంచి ఇసుక రాక ఆగి రోజువారీ కెరటాలే ఒడ్డును తినడం. అక్కడ ఉన్నవాళ్లు గ్రామసభకు తక్కువమంది వస్తారు, వాళ్ల తరపున మేమే మాట్లాడాల్సి వచ్చింది.

చివరికి చేసింది

ఒంపులో గోడను తీసేయమనలేదు. ఇళ్లు అంత దగ్గరగా ఉన్నప్పుడు, ఆ కుటుంబాలకు వెళ్లడానికి వేరే చోటు లేనప్పుడు గోడ అవసరమే. కానీ ఇళ్లు ఒత్తుగా ఉన్న భాగానికే పరిమితం చేశాం. నిలువుగా ఉన్న వాలును బాగా ఏటవాలు చేశాం, కింద వడపోత గుడ్డ, దాని మీద చిన్న రాయి, పైన పెద్ద బండ. పాదం ముందు బండల పరుపు అదనంగా వేశాం, ముందు ఇసుక కోసుకుపోతే ఆ పరుపు విడిపోయి గుంతలోకి జారి దాన్ని కప్పేలా. ఎత్తు మాత్రం పెంచలేదు. ఎత్తు పెంచితే ఇళ్లకు సముద్రం కనిపించదు, వాళ్లు ఉదయం గుమ్మంలోంచే కెరటం చూసి వేటకు వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకుంటారు. మీంచి దూకే నీళ్లను ఆపడం కన్నా వెనక కాలువ తీసి బయటికి పంపడం మేలనుకున్నాం. గోడ ఉత్తరం చివరను ఒక్కసారిగా ఆపకుండా నేల వైపు వంచి ఎత్తైన గట్టులో కలిపాం. గోడ తెగినట్టు ఆగితే దాని పక్కనే ఇసుక తీరం గుహలా కోసుకుపోతుంది, అదే బోట్ల స్థలంలో సగం నష్టానికి కారణం.

బోట్ల స్థలం విషయంలో మేం కట్టడం వద్దని, రోడ్డూ షెడ్డూ వెనక్కి జరపాలని చెప్పాం. ఇది అన్నిటికన్నా కష్టమైన చర్చ. బోటు ఒడ్డుకు దగ్గర లేకపోతే రోజూ లాగే శ్రమ పెరుగుతుంది, ఆడవాళ్లు చేపల గంపలు మోసే దూరం పెరుగుతుంది. ‘మీరు కాగితం మీద జరిపేస్తారు సార్, మోసేది మేం కదా’ అని ఒకామె నేరుగా అడిగింది. ఆమె మాట వల్లే ప్లాను మారింది: షెడ్డు, వేలం పాక వెనక్కి వెళ్లాయి, బోట్లు మామూలు రోజుల్లో పాత చోటే, హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ట్రాక్టరుతో వెనక్కి లాగేలా గట్టి దారి. ఆ దారిని దిబ్బలోంచి సముద్రానికి తిన్నగా వేయలేదు, ఏటవాలుగా మలుపు తిప్పి వేశాం. తిన్నటి సందు ఉంటే కెరటం దాన్నే పట్టుకుని ఊళ్లోకి వస్తుంది, సరుగుడు తీరంలో రెండు చోట్ల నడక దారుల్లోంచే దిబ్బ తెగడం మొదలైంది.

దిబ్బల పనికి ఖర్చు చాలా తక్కువ. తాటాకు తడికలు వరుసలుగా పాతితే గాలికి ఎగిరే ఇసుక అక్కడే ఆగింది. ముందు వరుసలో బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి నాటారు, స్వయం సహాయక సంఘాల మహిళలే ఆ పని చేశారు. ఇసుక కప్పేసినా ఇవి దాని మీంచి మళ్లీ పాకుతాయి. సరుగుడు వెనకకు వెళ్లింది. పశువులను అటు తోలకుండా చూడటం తీగ నాటడం కన్నా పెద్ద పని.

గెడ్డ దగ్గర ఆలోచన వేరే. కెరటాలు వరుసగా విరుగుతుంటే ఒడ్డు దగ్గర నీటి మట్టమే కొంత లేస్తుంది, విరిగే కెరటం ఎత్తులో దాదాపు ఐదో వంతు దాకా. పోటు, గాలి తోపు దానికి కలిసి మొగలో సముద్రం ఎత్తైతే పైనుంచి వచ్చే వాననీరు వెళ్లడానికి దారుండదు, వెనక పల్లపు వీధిలోకి ఎక్కుతుంది. ఆ వీధి దగ్గర కల్వర్టుకు ఒకే వైపు తెరుచుకునే తలుపులు పెట్టించాం. ఇంకొకటి, వానలకు ముందు రైతులు పొలాలు మునగకుండా మొగను తెంచే అలవాటు ఉంది. తుపానుకు ఒక రోజు ముందు అలా తెంచేశారు, ఆ గండిలోంచే కెరటం లోపలికొచ్చింది. ఇప్పుడు అనుకున్నది, గెడ్డలో నీటి మట్టం సముద్రం కన్నా ఎత్తుగా ఉన్నప్పుడు, పాటు సమయంలో మాత్రమే తెంచాలి, తుపాను కెరటాల సూచన ఉంటే తెంచకూడదు. మొగలో తీసిన ఇసుక అమ్మకుండా ఉత్తరం ఒడ్డున వేయాలని తీర్మానం చేయించాం.

హెచ్చరికలూ ఊరంతటికీ ఒకటే కాకుండా భాగాలుగా విడదీశాం. తూర్పు దిశ, పదకొండు సెకన్లు దాటిన వ్యవధి, పెద్ద పోటు, ఈ మూడూ కలిస్తే ఎత్తు మామూలుగా కనిపించినా ఒంపు మొదటి వరుస ఖాళీ చేయాలి, బోట్లు వెనక్కి లాగాలి. దక్షిణపు కెరటం ఎంత ఎత్తున్నా ఒంపుకు భయం లేదు, గెడ్డ వీధి మాత్రం వాన సూచనతో కలిపి చూసుకోవాలి. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఈ సూచనలు చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు.

తర్వాతి పెద్ద కెరటాలకు

ఏడాది తిరగకుండానే పరీక్ష వచ్చింది, ఆ తుపానంత కాకపోయినా తూర్పు నుంచి పొడవాటి కెరటాలే. ఒంపులో పాదం పరుపు ఒకచోట జారింది, అలా జారాలనే వేసింది, గోడ నిలిచింది. నీళ్లు మీంచి దూకాయి, కాలువలోంచి పోయాయి, రెండు ఇళ్లలో గుమ్మం దాటాయి. బోట్ల స్థలం మళ్లీ కోసుకుపోయింది కానీ అక్కడ పోవడానికి ఏమీ లేదు. దిబ్బ ముఖం తెగింది, తీగ వేలాడుతూ మిగిలింది. గెడ్డ వీధిలో తలుపులకు చెత్త అడ్డుపడి ఒకటి మూసుకోలేదు, మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. తలుపుల ముందు ఇనుప జాలి పెట్టడం, తుపానుకు ముందు దాన్ని శుభ్రం చేసే బాధ్యత ఒకరి పేరు మీద రాయడం తర్వాత జరిగింది.

ఇలాంటి పనికి వచ్చే ఇంజనీర్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. నష్టం జాబితాను ఇళ్ల సంఖ్యగా రాసుకోకండి, నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలకు వచ్చాయి, ఆ రాత్రే పోయిందా తర్వాత పోయిందా అని ఇంటింటికీ అడిగి రాసుకోండి. ఈ ఊళ్లో మీంచి దూకిన నీళ్లు, కింద నుంచి ఇసుక లాగేసిన కోత, వెనక నుంచి ఎక్కిన నీళ్లు, తర్వాత వచ్చిన ఇసుక కరువు, నాలుగూ వేరే కారణాలు, నాలుగింటికీ వేరే మందు. 1977లో దివిసీమను ముంచింది లోతు తక్కువ తీరంలో 5 మీటర్ల మేర లేచిన ఉప్పెన, 2014లో హుద్‌హుద్ విశాఖ బీచి రోడ్డు వెంబడి చేసిన నష్టంలో కెరటాల కోతది పెద్ద పాత్ర. రెండింటినీ ‘తుపాను నష్టం’ అనే ఒకే గడిలో వేస్తే రెండు ఊళ్లకూ ఒకే గోడ వస్తుంది. ఇంకా ఒకటి, డ్రాయింగులు వేసే ముందు వేటకు వెళ్లేవాళ్లతో ఒకసారి సముద్రంలోకి వెళ్లండి. ఆ రాతి మెట్ట మా దగ్గరున్న ఏ షీటులోనూ లేదు.

మొగ అవతల సమస్య ఇంకా తీరలేదు. మొదటి ఏడాది మొగ ఇసుక అనుకున్నట్టే ఉత్తరం ఒడ్డున వేశారు, కోత తగ్గింది కానీ ఆగలేదు. రెండో ఏడాది ఇసుక కొంత వేరే పనికి వెళ్లిపోయింది, ఆ సీజన్లో తోట అంచు మళ్లీ వెనక్కి జరిగింది. ఇప్పుడు అక్కడివాళ్లు మాకూ గోడ కావాలంటున్నారు, వాళ్లను తప్పు పట్టలేం. ఒడ్డుకు మరీ దగ్గరున్న ఇళ్లకు వెనక స్థలం చూపించే ఫైలు నడుస్తోంది, ఈ వానాకాలం లోపు కదలాలని అడుగుతున్నాం. ఇసుక లెక్క కోసం మొగకు రెండు వైపులా కర్రలు పాతి ప్రతి పౌర్ణమికీ మట్టం రాస్తున్నారు, ఆ పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంటుంది.